ఉసిళ్ళు పడిన కారద్దం

తొలకరి వాన పడిన సాయంత్రం పుట్టల్లోంచి లేచే ఉసిళ్ళను మా ఐరాల దిక్కున వేయించి, బొరుగులతో కలిపి తింటాం. తినేవాళ్ళకు అవి రుచి, కారు నడిపేవాడికి పీడ. వచ్చి ముందద్దానికి కొట్టుకొని చితికిపోతాయి. రెక్కలు గాలికి పోతాయి గానీ ఒంట్లోని కొవ్వు అద్దానికే అంటుకుంటుంది. వైపర్ వేస్తే మజ్జిగ పూసినట్టు పరుచుకుంటుంది. ఎదురుగా లారీ లైటు పడితే ఇక దారే కనబడదు.

ఇదంతా మా తమ్ముడు చెప్పగా విన్నది. వాడు మా ఊళ్ళోనే ఒక చెరకు ఆసామి దగ్గర కారు నడిపేవాడు. రోజూ ఆసామి పిల్లలిద్దరినీ చిత్తూరు బడికి తీసుకుపోయి తీసుకురావడం వాడి పని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆసామి కొత్త కారు కొని, బెంగళూరులో దాని ముందద్దానికి ఏదో మందు పూత వేయించాడు. వాన పడితే చేమాకు మీద నీళ్ళలా చుక్కలన్నీ జారిపోయేవి. తమ్ముడికి ఆ కారంటే ప్రాణం. పెళ్ళాం అలిగితే రెండు పూటలు ఊరుకునేవాడు, కారు మీద దుమ్ము పడితే ఒక్క ఘడియ ఊరుకునేవాడు కాదు.

ఒకసారి తొలి వానలప్పుడు పలమనేరు పోయి, పొద్దుగూకే వేళ ఉసిళ్ళలో పడి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే కారు తెచ్చి మా ఇంటి నీడన నిలిపాడు. కాసేపటికి గరగరా చప్పుడైతే బయటికొచ్చి చూశాను. నా పొయ్యిలో బూడిద తీసుకొని, కొబ్బరి పీచుతో అద్దాన్ని తోముతున్నాడు.

"ఒరేయ్, అది కారద్దమా, ఇత్తడి బిందా?"

"ఎంత తుడిసినా పోలేదక్కా. మబ్బు మబ్బుగానే ఉండాది. పిలకాయల బడికి టైమైపోతా ఉండాది."

"పూత పూసినోళ్ళు నీకేం సెప్పినారు?"

"నానబెట్టి తుడవమన్నారు. రుద్దొద్దన్నారు. సబ్బుపొడి ఎయ్యొద్దన్నారు."

"బూడిదెయ్యమన్నారా?"

"బూడిద మాట ఆళ్ళూ ఎత్తలేదు, నేనూ అడగలేదు."

పీచు లాక్కొని పారేశాను. ముందు బకెట్టు నీళ్ళు నెమ్మదిగా పోసి బూడిదంతా దించాను. బూడిద మీద గుడ్డ పెట్టి లాగితే అద్దం గీరుకుపోతుంది. తర్వాత పాత పంచె ఒకటి నీళ్ళలో ముంచి, పిండకుండా అద్దమంతా పరిచాను. దాని మీద చెంబుతో నీళ్ళు చిలకరిస్తూ, ఆరనివ్వకుండా చూశాను. సంగటి తపేలా అయినా అంతే. ఎండిపోయినదాన్ని గోకితే తపేలాకు దెబ్బ, నానితే దానంతటదే ఊడొస్తుంది. తమ్ముడు మాత్రం చుట్టూ తిరుగుతూ, "అయ్యిందా? అయ్యిందా?" అని నా ప్రాణం తీశాడు.

"నీకు పెండ్లైనప్పుడు కూడా ఇంత తొందర పడలేదు గదరా. కూసో" అన్నాను.

పంచె ఎత్తితే ఉసిళ్ళ జిడ్డు చాలావరకు గుడ్డతో వచ్చేసింది. మిగిలిన మరకల మీద షాంపూ చుక్క కలిపిన నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో అదమకుండా తుడిచాను. ఆఖరున మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాను. వాడి సీట్లో కూర్చొని చూశాను. ఎదురింటి తీగ మీద ఆరేసిన చీర అంచులో జరీ పువ్వులు కూడా కనబడ్డాయి.

వాడు ఎక్కి కూర్చున్నాడు. కళ్ళు చికిలించాడు.

"ఇంకా ఉండాదక్కా."

"యాడ?"

"ఈడే, నట్టనడిమిన."

బయటినుంచి వేలు పెట్టాను. ఇంకొంచెం పక్కకన్నాడు. జరిపాను. కాదు, పైకన్నాడు. వేలు పెట్టిన చోటల్లా అద్దం శుభ్రంగానే ఉంది. నా చూపు అద్దం మీంచి వాడి కళ్ళ మీదికి పోయింది.

"దిగు. అద్దం లేకుండా ఆ చీర సూడు. ఒక్కో కన్నూ మూసి సూడు."

కుడికన్ను మూసి అంచు రంగు చెప్పాడు. తర్వాత ఎడమకన్ను మూశాడు. నోరు కూడా మూశాడు.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"చలికాలం నుంచి. అద్దానిదే అనుకున్నా."

"దినామూ తుడిసేవోడివి, నీకు తెలీదా?"

తల వంచుకున్నాడు. "ఆసామికి సెప్పొద్దక్కా. స్టీరింగు తప్ప ఈ సేతులకేం తెలుసు? ఈ పని పోతే నన్నెవురు పిలస్తారు?"

నా ఒళ్ళో పెరిగినవాడు. జాలి లేదంటే అబద్ధం. అయినా ఉన్నమాట అనేశాను. "నీ పని పోతే నా ఇంట్లో సంగటి తిను. ఆ పిలకాయలకేమన్నా అయితే ఎవురింట్లో తలెత్తుతావు?"

వాడు వెనక సీటు వైపు చూశాడు. చిన్నపిల్ల మర్చిపోయిన నీళ్ళ సీసా అక్కడే ఉంది. సీసా, తాళం చెవి రెండూ తీసుకొని ఆసామి ఇంటికి నడిచే వెళ్ళాడు. నేను ఉండబట్టలేక వెనకాలే పోయాను.

విన్నాక ఆసామి మొహం నల్లబడింది. "ఇన్నాళ్ళూ నా బిడ్డల్ని వెనక కూసోబెట్టుకొని..." అని ఆగిపోయాడు. తాళం చెవి అందుకొని, "సెప్పినావు, సంతోషం. పోయి కన్ను సూపించుకో అబ్బా. బాగైతే రా" అన్నాడు. బూడిద రుద్దిన చోట పూత పోయిందని కూడా తమ్ముడే చెప్పుకున్నాడు. దానికి ఆసామి చెయ్యి ఊపి ఊరుకున్నాడు. ఆ రోజు పిల్లలు బస్సులో వెళ్ళారు.

కంటిలో శుక్లం అన్నారు. తిరుపతిలో ఆపరేషను అయింది. పని ఉంటుందో పోతుందో తెలియక వాడు నాతో సరిగ్గా మాట్లాడేవాడు కాదు. నేనూ బతిమాలలేదు. కన్ను కుదుటపడి, డాక్టరు నడపొచ్చన్నాక ఆసామి తాళం ఇచ్చాడు గానీ, పిల్లల్ని ఎక్కించే ముందు ఒకసారి నడిపి చూపించమన్నాడు. నేనే ముందు సీట్లో ఎక్కాను. డాక్టరు మాట డాక్టరుది, నా అనుమానం నాది.

కాణిపాకం దారిలో అడిగాను. "ఎదురుగా ఏముండాది?"

"ఎద్దుల బండి."

"బండి మీద?"

"గడ్డి. గడ్డి మీద ఒక అవ్వ. నీ మాదిరే ఎవురినో తిడతా ఉండాది, సెయ్యి ఎట్ల తిప్పతా ఉండాదో సూడు!"

నాకింకా బండే కనబడలేదు. నేనూ ఒక్కో కన్నూ మూసి చూశాను.