ఖాళీ చర్చి చప్పుడు

ఆయన పనితనమంతా కనపడకపోవడంలోనే ఉంది. పాత చర్చిల్లో జనాన్ని చీకట్లో కూర్చోబెట్టి, నాలుగు వైపుల నుంచీ శబ్దాలు వినిపిస్తూ, గోడల మీద వెలుగులు ఆడిస్తూ కథ చెప్పే ప్రదర్శనలు ఉంటాయి చూడండి, వాటికి స్పీకర్లు బిగించే మనిషి. బిగించడమంటే మేకు కొట్టి వేలాడదీయడం కాదు. మూడొందల ఏళ్ల రాతికి మేకు తగిలితే ఫాదర్‌గారు ఊరుకుంటారా? అందుకని బల్లల కింద, బొమ్మల వెనక, స్తంభాల తలల మీద పట్టీలతో కట్టి నిలబెట్టి, రాతిరంగు వేసిన గుడ్డ తొడిగేవాడు. ఆ తొడుగులు కుట్టేది ఆయన భార్య. అలా చాటుపెట్టెలాయన అని పేరు పడిపోయింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో అనుకుని ఆయనే పలికేవాడు కాదు.

పని బాగా కుదిరిందా, ఆయన చేసినట్టే ఎవరికీ తెలియదు. కుదరకపోతే మాత్రం ఊరందరికీ తెలుస్తుంది. ఇరవై ఏడేళ్లు ఇలాగే గడిచాయి. పైకి "మనకెందుకండీ మెప్పులు" అనేవాడు గానీ, ఒక్కడైనా, ఒక్కసారైనా భుజం తట్టకపోతాడా అని లోపల ఉండేది. ఉండదూ మరి? మనిషే కదా!

ఈ చర్చిలో పనికి వచ్చేసరికి అక్కడ అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ ఉంది. ఊడవడం, కారిన కొవ్వొత్తి మైనం గోకడం, తాళాలు తీయడం వేయడం, అన్నీ ఆవిడే. ఫాదర్లు నలుగురు మారారు గానీ పెద్దమ్మ మారలేదు. మొదటి రోజే చీపురు నడుముకి ఆనించి నిలబడి, నిచ్చెన మీదున్న ఈయన్ని పలకరించింది.

"ఏం నాయనా, మా పునీతుడి వెనక ఏదో దాస్తున్నావు. ఆయనకి వీపు దురద పుడితే ఏం చేస్తాడు?"

"గోక్కోవడానికి ఆయనకి చెయ్యేదమ్మా? ఎప్పుడో విరిగింది కదా!"

ఆవిడ పకపకా నవ్వింది. అప్పటి నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫ్లాస్కులో టీ తెచ్చి నిచ్చెన కింద పెట్టి, కూతురి సంగతులు చెప్పేది. ఆ అమ్మాయి ఎక్కడో దూరంగా పెద్ద ఊళ్లో నర్సు. వారం వారం ఫోన్ చేస్తుందట. మనవడు బొమ్మలు బాగా వేస్తాడట. చర్చికి వచ్చే ఆడవాళ్లందరికీ ఆ సంగతులు కంఠతా వచ్చు. "మీ అమ్మాయి లాంటి పిల్ల ఉండాలి పెద్దమ్మా" అంటుంటే ఆవిడ ముఖం వెలిగిపోయేది.

ఇక ఈయన పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ గదీ పూర్తిగా నిశ్శబ్దంగా ఉండదు. కలప కిర్రుమంటుంది, అద్దాల సందుల్లో గాలి ఆడుతుంది, పైన పావురం కదులుతుంది. ఆ ఖాళీ చప్పుడు రికార్డు చేసి ప్రదర్శన అడుగున పరిస్తే, మిగతా శబ్దాలన్నీ ఆ చర్చిలోనే పుట్టినట్టు వినపడతాయి. దానికోసం స్తంభాల మధ్య దారాలతో మైకులు వేలాడదీసి, మనుషుల్ని బయటికి పంపి, ఒక గంట వదిలేస్తారు. వదిలే ముందు ప్రతి మూలకీ వెళ్లి "ఎవరైనా ఉన్నారా?" అని కేకెయ్యాలి. అదీ నియమం. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లకి ఈ మాట వందసార్లు చెప్పినవాడే, ఆ రోజు మధ్యాహ్నం కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే, ముందు తలుపు దగ్గర నుంచే ఒక్క కేక వేసి, తలుపు లాగేసి, అన్నం తినడానికి వెళ్లిపోయాడు.

వెనక చిన్నగదిలో పెద్దమ్మ బలిపీఠం గుడ్డలు మడతపెడుతోంది. ఆ కేక ఆవిడకి చేరలేదు.

సాయంత్రం ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ముందు పావురం, తర్వాత కలప, ఆ తర్వాత చెప్పులు ఈడుస్తున్న చప్పుడు. ఆ వెనకే గుసగుస.

"ప్రభువా, మళ్లీ నేనే. విసుక్కోకు. అది ఫోన్ చేసి ఆరేళ్లయింది. వారం వారం చేస్తుందని అందరితో అబద్ధం చెప్తున్నాను, అది కూడా క్షమించు. కడుపుతో వచ్చి తలుపు కొట్టింది. అమ్మా, అమ్మా అంది. గడియ మీద చెయ్యి పెట్టి కూడా తీయలేదు. నలుగురూ ఏమంటారో అని భయపడ్డాను. ఆ నలుగురూ ఎవరో ఇప్పుడు నాకే గుర్తులేదు. పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో కూడా తెలియదు..."

మనిషి గొంతు పడితే ఆ ముక్క తుడిచేయాలి. చేతికి అది అలవాటైన పని. కానీ చేతిని మెషీన్ మీద పెట్టి కూడా తుడవలేదు. మూడుసార్లు విన్నాడు. ఆ గుసగుస స్తంభాల మధ్య తిరిగి వచ్చిన తీరు ఎంత బాగుందంటే, ఛీ, ఇలాంటప్పుడు కూడా బాగుందనిపించింది! ప్రదర్శన దర్శకుడే కోసేస్తాడులే అని తనకి తాను చెప్పుకుని, ఉన్నదున్నట్టు పంపేశాడు.

మర్నాడే దర్శకుడి ఫోన్. "ఏం పట్టుకున్నారు మాస్టారూ! ఇన్నేళ్లలో ఇలాంటి శబ్దం వినలేదు. నా ప్రదర్శనకి ప్రాణం అదే. ఎవరామె?"

చెప్పాల్సిన చోటు అదే. ఈయన "అలా దొరికింది సార్" అని ఊరుకున్నాడు. రోజంతా గాల్లో తేలుతూ తిరిగాడు.

భార్య తొడుగులు కుడుతూ ఆ ముక్క విని, అది పెద్దమ్మ గొంతని ఆయన చెప్పగానే మిషను ఆపేసింది.

"ఆవిడకి చెప్పారా?"

"చెప్తాలే."

"ఆదివారం మొదటి ఆట. చర్చికి వచ్చే జనమంతా వస్తారు. ఆ గొంతు వాళ్లకి తెలియదా? ఆవిడ మళ్లీ ఎవరి ముఖం చూడగలదండీ?"

"దర్శకుడు గొంతు కాస్త మారుస్తాడు. నువ్వు ఊరికే కంగారు పడకు" అన్నాడు. ఆవిడ ఆ పూట అన్నం కూడా మాట్లాడకుండానే వడ్డించింది.

గురువారం మధ్యాహ్నం కిటికీలకి నల్లగుడ్డలు కట్టి పరీక్ష ఆట వేశారు. వచ్చినవాళ్లు నలభై మంది, అందరూ బయటివాళ్లు. ఈయన పాటలవాళ్లు నిలబడే పైమేడ మీద మీటల ముందు కూర్చున్నాడు. చివరి బల్ల మీద పెద్దమ్మ, ఉతికిన చీర కట్టుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చి కూర్చుంది.

వానశబ్దం అయింది. గంటలు అయ్యాయి. అప్పుడు ఎడమ స్తంభం దగ్గర మొదలై, జనం వీపుల వెనగ్గా నడుచుకుంటూ వచ్చింది గుసగుస. "అమ్మా, అమ్మా అంది. గడియ మీద చెయ్యి పెట్టి కూడా తీయలేదు."

పెద్దమ్మ చెయ్యి నోటి మీదికి వెళ్లింది. తర్వాత తల ఎత్తి ఒక్కో స్తంభాన్నీ చూసింది. ముందు బల్లలో ఎవరో ముక్కు తుడుచుకుంటున్నారు. మీట ఈయన చూపుడు వేలి కింద ఉంది. కాస్త కిందికి లాగితే చాలు, ఆగిపోతుంది. దర్శకుడు పక్కనే నిలబడి "అద్భుతం, అద్భుతం" అంటున్నాడు. వేలు కదల్లేదు. సిగ్గుండాలి కదా మనిషికి!

జనం వెళ్లాక ఆవిడ మెట్లెక్కి పైకి వచ్చింది. ఆయాసపడుతోంది.

"నాయనా, గుసగుసగా మాట్లాడింది, ఆమె ఎవరు?"

ఈయన తీగలు చుడుతూ, తల ఎత్తకుండా, "ఎవరో నటి అమ్మా. పిలిపించి చెప్పించారు" అన్నాడు.

"అలాగా." ఆవిడ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని మెట్టు మీదే కూర్చుండిపోయింది. "నా గొంతు ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఒక్క క్షణం గుండె ఆగినంత పని అయిందనుకో. నటి అయినా, అలా చెప్పాలంటే ఎక్కడో తగిలే ఉంటుంది. కదూ?"

"అయ్యుండొచ్చమ్మా."

ఆవిడ మెల్లగా దిగి వెళ్లింది. కాసేపటికి కింద నుంచి మాటలు వినపడ్డాయి. ఈసారి మైకు లేదు, ఉత్త చెవులే.

"ప్రభువా, మళ్లీ నేనే. ఈ రోజు నా గోడు వద్దు. ఆ తల్లి ఎవరో, నాలాగే తలుపు తీయలేదట. దాని బిడ్డని దాని దగ్గరికి పంపించు. నాది తర్వాత చూద్దువుగాని."

చాటుపెట్టెలాయనకి తల తీసేసినట్టయింది. తీగచుట్ట చేతిలోనే పట్టుకుని గబగబా దిగి, ఆవిడ ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"అది మీ గొంతే పెద్దమ్మా. నటీ లేదు, ఎవరూ లేరు. మీరు లోపలున్నారో లేదో చూసుకోకుండా మైకులు పెట్టాను. విన్నాక తుడిచేయాలి, తుడవలేదు. నన్ను మెచ్చుకున్నారని ఊరుకున్నాను. ఇందాక మీతో అబద్ధం కూడా ఆడాను."

ఆవిడ తిడితే బాగుండు అనుకున్నాడు. తిట్టలేదు.

"ఎంతమంది విన్నారు?"

"నలభై మంది. దర్శకుడు, మా ఆవిడ కూడా విన్నారు."

"నువ్వో?"

"నేను చాలాసార్లు విన్నానమ్మా."

"లేని తల్లి కోసం నా చేత ప్రార్థన చేయించావు కదయ్యా" అంది. చీపురు తీసుకుని, ఆయన నిలబడ్డ చోటు వదిలేసి, చుట్టూ ఊడ్చుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఆ గొంతు ఉన్న ప్రతి చోటా దాన్ని తుడిచేశాడు. దర్శకుడు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఇంకెప్పుడూ పిలవనన్నాడు. సరే అన్నాడు ఈయన. ఆదివారం ఆట గుసగుస లేకుండానే నడిచింది. "మీ అమ్మాయికి ఫోన్లో చెప్పు పెద్దమ్మా, మన చర్చి ఎంత బాగుందో" అంది ఒకావిడ. "చెప్తాను" అంది పెద్దమ్మ, ఆ మాట అంటూ ఈయన వైపు చూసింది. ఆ చూపుకి ఎక్కడ దాక్కోవాలో ఈయనకి తెలియలేదు.

ఆటలు మూడు వారాలు నడిచాయి. ఒప్పుకున్న పని కాబట్టి రోజూ రావాల్సిందే. మధ్యాహ్నం ఆవిడ ప్రార్థన వేళకి ఈయన బయటికి వచ్చి, వీధికి అవతల, తెరిచిన తలుపులోంచి తను ఆవిడకి కనపడేలా, రెండు చేతులూ ఖాళీగా వేలాడేసుకుని ఎండలో నిలబడేవాడు. లోపల ఎవరూ వినడం లేదని ఆవిడకి తెలియాలని. ఆవిడ వచ్చి ఎప్పటి స్తంభం దగ్గరే కూర్చునేది. పెదవి కూడా కదిపేది కాదు. కాసేపు కూర్చుని లేచిపోయేది.

ఆఖరి రోజు ఆవిడ కూర్చోలేదు. బకెట్టు పట్టుకుని బయటికి వచ్చి, ప్రహరీ పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్లి, దాన్ని ఎంత తిరిగితే అంతా తిప్పేసింది. బకెట్టు నిండింది, పొర్లింది, నీళ్లు వీధిలోకి పారాయి. ఆవిడ కట్టలేదు. ఆ హోరు మీదికి వంగి నిలబడి ఏదో చెప్పుకుంటోంది. ఈయనకి వీపు ఒక్కటే కనపడుతోంది, తల అటూ ఇటూ కదులుతోంది. అంత నీళ్ల చప్పుడులో ఏ మైకుకీ ఒక్క మాట కూడా దొరకదని ఈయనకి తెలుసు. చర్చి నీడ వదిలేసి ఆవిడ ఆ ఎండలోకి ఎందుకు వచ్చిందో కూడా తెలుసు.

ముఖం తిప్పుకుని, వీధి చివరిదాకా నడిచి వెళ్లి, కుళాయి ఆగే వరకూ అక్కడే నిలబడ్డాడు.