డీసెంట్ ఫ్యామిలీకి మాత్రమే

మా చిన్నతనంలో... పెదకూరపాడులో మా పిన్ని వసారాలో సాయంత్రాలు ఇంగ్లీషు ట్యూషన్ జరిగేది. పదిమందిమి చాపల మీద కూర్చునేవాళ్ళం. అందరిలోకీ చురుకైనది సువార్త. వాళ్ళమ్మ మా చేలో మిరపకాయలు కోసేది. సువార్త మాత్రం చాప మీద కాదు... వసారా మెట్టు మీద కూర్చునేది.

ఆ రోజు పాఠం 'డీసెంట్' అనే మాట.

"మర్యాదైనది, పద్ధతైనది అని అర్థం. లాటిన్‌లో 'తగినట్టు ఉండటం' అనే మాట నుంచి వచ్చింది. డీసెంట్ డ్రెస్, డీసెంట్ మార్కులు, డీసెంట్ మనిషి... ఎట్టాగైనా వాడొచ్చు" అని చెప్పింది పిన్ని.

ఎండలు మండిపోతున్నాయి. సువార్త మంచినీళ్ళు అడిగింది. పిన్ని చెంబు తెచ్చి, పైనుంచి ఎత్తి దోసిట్లో పోసింది. సగం నీళ్ళు ఆ పిల్ల నోట్సు మీదే పడ్డాయి. నాకు చూడబుద్ధి కాలేదు... నా గ్లాసు ఇచ్చేశాను. గటగటా తాగింది.

"ఏమే, బుద్ధుందా నీకు? డీసెంట్ పిల్లలు చేసే పనేనా ఇది?" అని పిన్ని సువార్త మీద విరుచుకుపడింది.

పిన్ని ఆ గ్లాసును చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి, పెరట్లో పెంట మీద విసిరేసింది. ఛీ... ఆ వేళ్ళు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.

దాని తప్పేం లేదు, నేనే ఇచ్చానని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. సువార్త తడిసిన నోట్సు పావడాకు తుడుచుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ట్యూషన్‌కు రాలేదు. మరుసటేడు మిరపచేలో వాళ్ళమ్మ పక్కన కనిపించింది.

ఇప్పుడు నరసరావుపేటలో మా మేడ మీది పోర్షన్ అద్దెకిస్తున్నాం. గేటుకు బోర్డు... 'డీసెంట్ ఫ్యామిలీకి మాత్రమే'. రాయించింది నేనే. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మొన్న ఒక నర్సమ్మ ఇల్లు చూడటానికి వచ్చింది. "మీరేవిట్లండీ?" అని మా ఆయన గేటు దగ్గరే కులం అడిగేశారు.

ఆమె బోర్డు వైపు ఒకసారి చూసింది. "సూది వేసేటప్పుడు మేం ఎవుర్నీ అడగమండీ" అని వెళ్ళిపోయింది. నేను పక్కనే ఉన్నాను... అప్పటిలాగే నోరు మూసుకుని.

కాలం మారిందంటాం. ఇప్పుడు చెంబెత్తి పోసేవాళ్ళు లేరు నిజమే... బోర్డు రాసి గేటుకు కడుతున్నాం.

మీ ఇళ్ళలోనూ అలాంటి చెంబు ఉండే ఉంటుంది. ఎవరు పోశారో, ఎవరు చూస్తూ కూర్చున్నారో... దాచకుండా కింద రాయండి.

బోర్డు ఈ పొద్దున పీకేశాను. సువార్త చదువు మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను...