నిద్ర గురించి అడిగిన నర్సు

మల్కాజ్‌గిరిలోని ఒక బస్తీ ఆరోగ్య కేంద్రంలో మేబెల్ పదహారేళ్లు నర్సుగా చేసింది. ఇంటింటికీ తిరిగి, వేలు గుచ్చి షుగరు చూడటం ఆమె పని. పైవాళ్లు ఇచ్చిన ట్యాబ్‌లో నాలుగు ప్రశ్నలుండేవి. పొగ తాగుతారా, మందు తాగుతారా, తీపి తింటారా, నడుస్తారా? షుగరు వచ్చిందంటే ఈ నాలుగింటిలో ఏదో ఒక తప్పు చేసే ఉంటావని ఆ ట్యాబ్ తయారుచేసిన పెద్దల నమ్మకం. ఏ తప్పూ చేయకుండా షుగరు తెచ్చుకున్నవాడి గురించి వాళ్లకు ఆలోచన లేదు.

అలాంటివాడు సత్యదేవ్. ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. నలభై ఒక్క ఏళ్లు, ఏ అలవాటూ లేదు, షుగరు మాత్రం మూడు వందల పది. ఎన్ని గంటలు పడుకుంటావన్నా అని మేబెల్ అడిగింది.

"పడుకునుడేంది సిస్టర్? రాత్రంత గేటుకాడ. పొద్దుగాల కార్లు కడగాలె. పదింటికి జెర ఒరుగుత, అంతల ఎవరో ఒకరు పిలుస్తరు. మూడేండ్ల సంది గిట్లనే."

నిద్ర చాలకపోయినా, గుండెల్లో ఎప్పుడూ గాబరా ఉన్నా ఒంట్లో చక్కెర పెరుగుతుందని మేబెల్ శిక్షణలో చదువుకుంది. అప్పట్నుంచి ఎవరింటికి వెళ్లినా ట్యాబ్ ప్రశ్నలయ్యాక నిద్ర సంగతి కూడా అడిగి, ఒక నోటుబుక్కులో రాసుకుంది. ఐదు నెలల్లో షుగరున్న నూట ఎనభై మంది దొరికారు. వాళ్లలో సగం మందికి ఐదు గంటల నిద్ర కూడా లేదు. క్యాబ్ డ్రైవర్లు, రాత్రి షిఫ్టు కుర్రాళ్లు, మంచాన పడ్డ అత్తకు సేవ చేసే కోడళ్లు.

ఆ పుస్తకం పట్టుకుని ప్రోగ్రాం ఆఫీసరు హేమచంద్ర దగ్గరికి వెళ్లింది. చిరుధాన్యాల పోస్టర్లు నాలుగు గోడలకూ అంటించుకుని, వాటి మధ్య మిర్చి బజ్జీలు తింటున్నాడాయన. రెండు పేజీలు తిప్పాడు.

"ట్యాబ్‌లో ఆ కాలమ్ లేనే లేదు సిస్టర్. లేనిదాన్ని నేనెక్కడ ఎక్కించను?"

కాలమ్ పెట్టించమనే వచ్చానని ఆమె చెప్పింది. రాత్రి పనివాళ్లకు విశ్రాంతి ఇవ్వాలని యజమానులకు కూడా రాయమంది. నిద్ర కరువు ఎవరికి లేదు, నాకు మాత్రం లేదా అంటూ ఆయన పుస్తకం వెనక్కి తోశాడు. జొన్నరొట్టె తినమని చెప్పి పంపండి, చాలన్నాడు.

ఆ నెలలోనే మధుమేహ దినం వచ్చింది. పొద్దున్నే ఐదున్నరకు అవగాహన నడక, సిబ్బంది నాలుగున్నరకే మైదానంలో ఉండాలని ఉత్తర్వు. పంచాల్సిన కరపత్రంలో ఆరో వాక్యం, రోజూ ఏడు గంటలు నిద్రపోండి అని. దాన్ని రాసినవాడూ చదవలేదు, ఉత్తర్వు మీద సంతకం చేసినవాడూ చదవలేదు. మేబెల్ కూడా ఏడాదిగా షుగరు వచ్చే అంచున ఉంది. తోటి నర్సు షెకీనా జ్వరమని రాసెయ్యమని సలహా ఇచ్చింది. మేబెల్‌కు ఆ అబద్ధం నచ్చలేదు. ఆరో వాక్యం పాటిస్తున్నందువల్ల రాలేనని రాసిచ్చింది.

నడక జరిగింది. జెండా ఊపిన హేమచంద్ర అర కిలోమీటరు దాటకుండానే కారెక్కాడు. మేబెల్‌కు మెమో వచ్చింది, పది రోజులకు అల్వాల్‌కు బదిలీ వచ్చింది. నర్సు నిద్రను నేరంగా రాసుకోవడానికి మాత్రం వాళ్లకు కాలమ్ దొరికింది.

వెళ్లేముందు ఆమె సత్యదేవ్ పనిచేసే అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి రామకృష్ణను కలిసింది. వాచ్‌మన్ నిద్ర మా బాధ్యతా అని ఆయన విసుక్కున్నాడు.

"రేపు మీ గేటు దగ్గరే కళ్లు తిరిగి పడిపోతే ఎవరి బాధ్యతండీ?" అంది మేబెల్.

దయ కదిలించలేని మనిషిని ఆ మాట కదిలించింది. గేటు ముందు చావంటే ఫ్లాట్లకు అద్దెలు రావని ఆయన బెంగ. వారం తిరక్కుండా కార్లు కడిగే పని వేరేవాళ్లకు ఇచ్చారు, రాత్రి కాపలాకు వారం విడిచి వారం ఇంకో మనిషిని పెట్టారు. సత్యదేవ్‌కు ఆరు గంటల నిద్ర దక్కింది. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన మాత్రలు కూడా వేళకు వేసుకోగలిగాడు. నాలుగు నెలలకు షుగరు నూట డెబ్భైకి దిగింది. ఇందులో నిద్ర వాటా ఎంతో, మాత్రల వాటా ఎంతో తాను చెప్పలేనని మేబెల్ అంటుంది. తెలియనిది తెలియదని చెప్పే అలవాటు ఆ శాఖలో ఆమె ఒక్కదానికే ఉన్నట్టుంది.

అల్వాల్ కేంద్రంలో డాక్టరు జోయా ఆమె పుస్తకం మొత్తం చదివింది. పై ఆఫీసుకు పంపుదామంది. ఆ ఆఫీసు సంగతి తనకు తెలుసునని, ముందు ఇక్కడి రోగులను చూద్దామని మేబెల్ జవాబిచ్చింది. వచ్చిన ప్రతి రోగినీ నిద్ర సంగతి అడగడం ఇద్దరూ సోమవారం నుంచి మొదలుపెట్టారు.