ఒక్క మ్యాచ్ కూడా మానలేదు

కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఆవిడ గోల్ కాసిన నాలుగేళ్ళూ వెనకున్న వలలో సాలీళ్ళు నిశ్చింతగా కాపురాలు పెట్టి, మనవలనెత్తుకున్నాయి. బంతి తగిలి ఒక్క గూడు చెదిరితే ఒట్టు. ఆవిడతో మ్యాచ్ పడిందని తెలియగానే అవతలి జట్టు అమ్మాయిలు ఓడిపోయామని ముందే ఇంటికి ఉత్తరం రాసి, ఆ తర్వాతే బూట్లు కట్టుకునేవారు. నమ్మనివాళ్ళు ఆ కాలేజీకి వెళ్ళి అడగండి, ఇంతకంటే పెద్దవి చెప్తారు. జట్టులో ఆవిడ పేరు తాళం.

ఇప్పుడు తాళానికి నలభై ఆరేళ్ళు. కప్పులు, షీల్డులు అమ్మే ఒక ఇరుకు కొట్టులో ఇత్తడి రేకుల మీద అక్షరాలు చెక్కుతుంది. ఊళ్ళో ఎవరు పరుగు పందెం గెలిచినా, ఎవరు రిటైరైనా ఆ పేరు ఆవిడ చేతి మీదుగా పోవాల్సిందే. చెక్కే ముందు ప్రతి అక్షరం ఆర్డరిచ్చినవాళ్ళకి ఫోన్లో చదివి వినిపించాలని కొట్టులో నియమం. ఇత్తడి మీద రబ్బరు పనిచెయ్యదు మరి.

ఆ వారం కాలేజీ నుంచి ఒక ఆర్డరొచ్చింది. షీల్డు ఆవిడకే.

"నీ మెళ్ళో దండ నువ్వే వేసుకుంటున్నావ్, తాళం!" అన్నాడు కొట్టు యజమాని. "తప్పుల్లేకుండా చెక్కు. పుచ్చుకునే మనిషి మహా చాదస్తం."

ఆవిడ నవ్వుతూనే కాగితం అందుకుంది. మూడో లైను దగ్గర నవ్వు ఆగిపోయింది. "నాలుగేళ్ళలో ఒక్క మ్యాచ్ కూడా మానలేదు."

ఆ నాలుగో ఏడు ఫైనల్ రోజు పొద్దున్న కాలేజీ ఆఫీసుకి ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. చెల్లెలు. "అక్కా, అమ్మ నిన్నడుగుతోంది. వచ్చెయ్." తొంభై నిమిషాలే కదా అనుకుంది ఆవిడ. అవ్వగానే వచ్చేస్తానంది. మ్యాచ్ తేలలేదు, మరో అరగంట సాగింది, పెనాల్టీల దాకా పోయింది. ఆవిడ మూడు ఆపింది. బురద బూట్లతోనే వార్డుకి పరుగెత్తేసరికి ఖాళీ అయిన అమ్మ మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. పదహారేళ్ళ చెల్లెలు గోడకానుకుని నిలబడి, "గెలిచారా?" అని అడిగింది.

అంతే. ఇరవై ఆరేళ్ళలో మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఫోన్లో పిల్లల పరీక్షలు, ఇంటి అద్దెలు గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. అమ్మ మాట రాగానే చెల్లెలికి పొయ్యి మీద ఏదో మాడుతున్న సంగతి గుర్తొస్తుంది. అలాంటిది ఈ సన్మానానికి పిలిస్తే, "వస్తాలే అక్కా" అంది. ఆ లైను ఆమె చెవిన పడకూడదు.

నియమం ప్రకారం ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసింది.

"సార్, మూడో లైను తీసేద్దామా? రేకు మీద చోటు చాలట్లేదు."

"అసలు గొప్పంతా అందులోనే ఉంది కదమ్మా! కావాలంటే నా పేరు చిన్నది చెయ్యండి. ఇంతకీ ఎవరు మాట్లాడేది?"

"కొట్టు నుంచి, సార్."

చెక్కింది. ఒక్క లైనుకి మధ్యాహ్నమంతా పట్టింది. ఇన్నేళ్ళలో ఆవిడ చేతి నుంచి అంత నిలకడైన అక్షరాలు రాలేదని యజమాని ఇప్పటికీ అందరికీ చెప్తాడు.

సభలో చెల్లెలు ముందు వరసలో, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. ప్రిన్సిపాల్ షీల్డు పైకెత్తి చదివాడు. మూడో లైను దగ్గర ఆగి, చప్పట్లు చాలలేదనిపించి కాబోలు, మళ్ళీ చదివాడు. హాలు మార్మోగింది. చెల్లెలు తల వంచి సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది. చప్పట్లు ఆగినా ఆమె వెతుకుతూనే ఉంది.

మైకు చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ హాలు వైపు చూడలేదు, ముందు వరసనే చూసింది. చెల్లెలు తలెత్తేదాకా ఆగింది.

"మూడో లైనులో గొప్పేం లేదండీ. ఒకటి మానాల్సింది. మానలేదు."