కారం చేతులు

ఎండుమిరపకాయలు వేయిస్తుంటే ఘాటు లేచింది. హాల్లో టీవీలో ఆ సినిమా నటుడు, పెద్దాయన, ఏదో కథ చెబుతున్నాడు. "ఈ ముసలాయన ఇంకా రిటైర్ కాలేదా అమ్మా?" అన్నాడు మా అబ్బాయి. వాడికేం తెలుసు.

నా చిన్నప్పుడు, పొదిలి దగ్గర మా ఊళ్లో, మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లు మా వసారాలో కూర్చునేవాళ్లు. అమ్మ టీవీని వాళ్ల వైపు తిప్పి పెట్టేది. ఆయన అప్పటికే తాత వేషాలకొచ్చాడు. ఒకరోజు ఆ వేషం కూడా లేదు. ఉత్త కుర్చీలో కూర్చుని, నాటకాల్లోకి పోవద్దని తిట్టిన తల్లే తన మొదటి నాటకానికి జనం వెనకాల ముసుగేసుకుని నిలబడిందని చెబుతున్నాడు. వసారాలో చేతులన్నీ ఆగిపోయాయి. వాళ్లలో మరియమ్మ చేత్తో కళ్లు తుడుచుకుంది, మరుక్షణం కెవ్వుమని నీళ్ల గాబు దగ్గరికి పరిగెత్తింది.

"ఆయన టీవీలోంచి కారం చల్లాడా?" అని అడిగాను నేను.

మా బాబాయి నవ్వాడు. "ముసలాడి సోదికి ఏడుపొకటి."

మరియమ్మ మొహం కడుక్కుంటూనే అంది, "ఏడిస్తే ఏందయ్యా? ఆయన మళ్లీ చెబితే మళ్లీ ఏడుస్తా."

తొడిమలు తీసేవాళ్లు కళ్లకు చెయ్యి పోనివ్వరు. చెమటైనా, కన్నీళ్లైనా భుజానికే తుడుచుకుంటారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉన్న ఆ అలవాటును మరియమ్మ మరిచిపోయేలా చేశాడు ఆయన.

"మీ హీరోల్లో ఒక్కడు ఆ పని చెయ్యనీ, అప్పుడు ఈయన్ని రిటైర్ చేద్దాం" అని మా వాడితో చెప్పి, టీవీ సౌండు పెంచాను.