సాఫ్టువేరుకో కళ్ళజోడు

మా బాబాయికి లోకంలో ఏ వస్తువూ ఒంటరిగా కనిపించదు. దాని పక్కన ఇంకోటి పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడిగితే తప్ప ఆయనకు ఊపిరాడదు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుమీద ఇనప చట్రం తగిలించి, అద్దాలు మార్చి మార్చి ఈ ప్రశ్న అడగడంలోనే వయసంతా గడిచింది. సాయంత్రం దుకాణానికి తాళం పడేది గానీ ప్రశ్నకు పడేది కాదు.

ఇంట్లో ఫ్యాను ఒక అంకె పెంచి అడుగుతాడు, తగ్గించి అడుగుతాడు. వచ్చిన చుట్టాన్ని ఈ కుర్చీలోంచి లేపి ఆ కుర్చీలో కూర్చోబెట్టి అడుగుతాడు. పంటి డాక్టరు మర ఆపి "ఇప్పుడెలా ఉందండీ" అంటే, నోరు తెరిచే ఉంచి "ఇందాకటిది ఇంకోసారి చూపించండి" అన్నాడట. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. ఒకసారి నా ఉపన్యాసానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నాకు బాగా నచ్చిన ఒక వాక్యాన్ని, బరువుగా ఉంటుందని, కాస్త మార్చి రెండోసారి పలికాను. "ఇందాకటిదే బాగుంది" అన్నాడు, హాలంతా వినబడేలా. బాధేమిటంటే, ఇందాకటిదే బాగుంది.

పిన్ని జవాబు ఎప్పుడూ మారదు. "రెండూ ఒకటే. ఏదో ఒకటి కానివ్వండి."

పిన్ని ఇంట్లోనే కూర్చుని పుస్తకాల ప్రెస్సుకి ప్రూఫులు దిద్దుతుంది. అచ్చుకాగితం చేతికిస్తే చాలు, అన్నంలో రాయి తగిలినట్టు తప్పు తగిలేది ఆవిడకి. ఆమధ్య ప్రెస్సువాళ్ళు కాగితాలు పంపడం మానేసి ఫైళ్ళు పంపడం మొదలుపెట్టారు. అందుకని ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. కంప్యూటరు వచ్చాక తప్పులు జారిపోవడం కూడా మొదలైంది. చివరికి ప్రెస్సాయన ఫోన్‌చేసి, చాలా మర్యాదగా, "సైన్సు పుస్తకం వేరేవాళ్ళకి ఇద్దామా అని చూస్తున్నామమ్మా. ముందు ఒక్క పాఠం దిద్ది పంపండి, చూద్దాం" అన్నాడు. ఇన్నాళ్ళూ ఇతరుల తప్పులు పట్టిన మనిషికి పరీక్ష పెట్టడమన్నమాట. ఆ రోజునుంచి పిన్నికి అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే కంప్యూటరుతో వచ్చిన ఆఫీసు సాఫ్టువేరు గడువు తీరి, ఇక డబ్బు కట్టమని మొరాయించింది. బాబాయి నన్ను పిలిపించాడు.

"ఉచితంగా దొరికేవి ఉంటాయట కదరా. ఒకటి చూసి పెట్టు."

ఆయన నోట "ఒకటి" అన్న మాట విని మోసపోయాను.

ఉచిత సాఫ్టువేరంటే పూనకం వచ్చే మిత్రులు నాకు కొందరున్నారు. వాళ్ళు చెబుతుంటే దాన్ని ఎక్కించుకోవడం కాదు, గుళ్ళో కొబ్బరికాయ కొడుతున్నట్టుంటుంది. నాకంత భక్తి లేదు. ప్రెస్సు ఫైలు తెరుచుకోవాలి, తెలుగు అక్షరాలు చెదరకూడదు, దిద్దిన చోట రంగు గుర్తు పడాలి. అంతే. ఇవన్నీ చేసేది, తెరమీద నీలం బొమ్మ గుర్తుతో కనిపించేది ఒకటి ఎక్కించి లేచాను. పిన్ని కూర్చుని కాసేపు చూసింది.

"ఇది ఒత్తులు మింగేస్తోందిరా."

వంగి చూశాను. ఒక్క ఒత్తూ ఎటూ పోలేదు, దేని కింద అది బుద్ధిగా ఉంది. ఆ మాటే అనబోతుంటే బాబాయి మడమ నా కాలిమీద పడింది.

"అవునోయ్, మింగేస్తోంది. దిక్కుమాలినది. ఇంకోటి పెట్టరా."

మరుసటి ఆదివారం ఆకుపచ్చ బొమ్మది పెట్టాను. ఈసారి కంప్యూటరు పక్కన ఓ కొత్త కళ్ళజోడు ఉంది.

"ఇదేమిటండీ?" అంది పిన్ని.

"ఈ సాఫ్టువేరుకి ఈ అద్దాలు వాడాలట."

"ఎవరన్నారు?"

"రాశారు."

"ఎక్కడ?"

"ఇంగ్లీషులో రాశార్లే. పెట్టుకో."

పెట్టుకుంది. "పోయినవారం దానికంటే నయమే. కుడివైపు మాత్రం మసగ్గా చూపిస్తోంది."

"ఈ సాఫ్టువేరుకి కుడివైపు బలహీనమన్నమాట" అంటూ బాబాయి జేబులోంచి టేపు తీసి, పిన్ని ముక్కునుంచి తెరదాకా కొలిచాడు.

"అదెందుకు?"

"వైరు సరిపోతుందా లేదా అని."

ఇక నావల్ల కాలేదు. ఆయన్ని మెట్లమీదికి లాక్కెళ్ళాను.

"బాబాయ్, మొదటిది నిక్షేపంగా ఉంది."

"తెలుసు."

"మరి నాకీ చాకిరీ ఏమిటి?"

"ఇప్పుడున్న రెండద్దాల జోడుతో, కాగితం దగ్గర పట్టుకుంటే మీ పిన్నికి బాగానే కనిపిస్తుంది. వీధి చివర బోర్డూ కనిపిస్తుంది. మధ్యలో తెరుందే, అదే మసక. వయసు మీదపడితే ఎవరికైనా అంతే. ఆ దూరానికి అద్దాలు చేస్తే సరిపోతుంది."

"ఆ ముక్క చెప్పొచ్చుగా."

"చెప్పాను. కుర్చీలో కూర్చోదు. ప్రూఫులు దిద్దేదానికి కళ్ళు ఆనడంలేదంటే ప్రెస్సుదాకా పాకుతుందని భయం. తప్పు కళ్ళదంటే పని మానేసి గోడకి జారగిలబడుతుంది. సాఫ్టువేరుదంటే పోట్లాడుతుంది. పోట్లాడనీరా."

వయసు మళ్ళిన దంపతుల అనురాగం గురించి కంటతడితో రాసే కథలు నాకు గిట్టవు. అయినా ఆ మెట్లమీద, మేమంతా ఇన్నాళ్ళూ నవ్వుకున్న ఆ ప్రశ్నని మొదటిసారి సరిగ్గా విన్నాను. ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళంతా ఎంతో కొంత బెదిరిన మనుషులే. వాళ్ళలో ఎవరితోనూ ఆయన "నీకు కనబడటంలేదు" అనలేదు. ఇది బాగుందా, అది బాగుందా అని అడిగి, ఉన్న తప్పంతా అద్దంమీదికి నెట్టేశాడు. మనిషి మంచివాడిగానే మిగిలిపోయేవాడు.

"ఇప్పుడు మూడోది పెట్టాలా?" అన్నాను.

"మూడోదని చెప్పి మొదటిదే పెట్టు. అదే బాగుంది."

మెనూలు తెలుగులోకి మార్చి, బొమ్మని ఓ మూల దాచి, నీలందే మళ్ళీ ఎక్కించాను. బాబాయి ఇంకో కళ్ళజోడు తెచ్చి, ఇదీ దానితోపాటే వచ్చిందన్నాడు. పిన్ని పెట్టుకుంది. ప్రెస్సు పంపిన పాఠం తెరిచింది. మేమిద్దరం గోడకానుకుని నిలబడ్డాం. తర్వాత ఒక గుర్తు పడింది, దాని కింద ఇంకోటి.

"ఈ పాఠం రాసినవాడెవరో గానీ, చెవులు మెలేయాలి" అంది.

పాఠం వెళ్ళింది. వారం తిరక్కుండానే ప్రెస్సాయన సైన్సు పుస్తకం మొత్తం పంపించాడు, ఏమీ జరగనట్టు.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి పిన్ని తెరముందు ఉంది. తల తిప్పకుండానే బాబాయితో అంది:

"ప్రెస్సుకి నాలాగే దిద్దే ఆవిడొకరు రేపు మీ దుకాణానికి వస్తారండీ. ఆవిడ కంప్యూటరు కూడా ఒత్తులు మింగేస్తోందట."

"దుకాణానికా? సాఫ్టువేరు కోసమా?"

"ఆఁ, దానికే. నిదానంగా చూడండి. రెండు మూడు మార్చండి. కళ్ళమాట మాత్రం ఎత్తకండి, ఆవిడ నాకంటే భయస్తురాలు."

బాబాయి నావైపు చూశాడు. నేనేమీ చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. పిన్ని అప్పటికే తర్వాతి పేజీలోకి వెళ్ళిపోయింది.