వేలికి గాయమైతే చెప్పాల్సిన జవాబు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. దెందులూరులో నాలుగు చినుకులు పడితే ఏలూరు చేరేలోపు దాన్ని తుఫాను చేసేస్తాను. మా ఆవిడ నేను చెప్పినదాన్ని పదితో భాగించి వింటుంది. మీరూ అలాగే చదవండి.

నేను కంపెనీలకు నాణ్యత, భద్రత సర్టిఫికెట్లు ఇచ్చేవాణ్ణి కాను. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు ఆడిట్‌కి, అంటే తనిఖీకి, వచ్చేసరికి కంపెనీని సిద్ధం చేసి నిలబెట్టేవాణ్ణి. కన్సల్టెంటు అంటారు. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజర్లో ఒంటికాలి మీద నిలబడి ఏలూరు వస్తాను. మందుల షాపు మేడ మీద మా ఆఫీసు, ఫ్యాను వేస్తే దాంతోపాటు గోడలూ తిరిగేంత ఇరుకు గది. ఆ గోడకి మాలాంటి సంస్థల ప్రవర్తనా నియమావళి అద్దం కట్టించి పెట్టాం. ఏటా దాని కాపీ కింద సంతకం పెట్టి మా సంఘానికి పంపుతాం. చదివామని ఇంకో సంతకం. నేను మాత్రం ఆ అద్దంలో చూసుకుని తల దువ్వుకునేవాణ్ణి.

అందులో ఏముందంటే, సర్టిఫికెట్ వచ్చి తీరుతుందని ఎవరికీ మాటివ్వకూడదు. పనివాళ్ళకు పని నేర్పాలి గాని ఆడిటర్‌కి చెప్పే జవాబులు నేర్పకూడదు. ఎవరి ఒంటికైనా హాని జరుగుతోందని కనబడితే వెంటనే యాజమాన్యానికి చెప్పాలి, రాసి ఇవ్వాలి, సరిచేసేదాకా మన పని ఆపాలి. క్లయింటు గుట్టు బయటపెట్టకూడదు. ఇంకా చాలా ఉన్నాయి. నేను పాటించింది చివర చెప్పిన ఒక్కటే.

కొల్లేరు వైపు వెళ్ళే రోడ్డులో, విదేశాలకు సరుకు పంపే ఒక రొయ్యల షెడ్డు మా క్లయింటు. లోపల చలి ఎంతంటే, నోట్లోంచి వచ్చిన మాట గడ్డకట్టి కింద పడితే ఏరుకుని వినాలి. రెండొందల మంది ఆడవాళ్ళు నిలబడి రొయ్యలు వొలుస్తారు. నేను రెండువేలంటాను, మీరు నమ్మకండి. ఆడిట్‌కి వారం ముందు వాళ్ళందరినీ కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను.

"వేలికి గాయమైతే ఏం చేస్తారమ్మా?"

ముందు వరసలో యాభై దాటినావిడ లేచింది. లంక గ్రామం నుంచి కంపెనీ బస్సులో వస్తుంది. "నెత్తురు కడిగేసుకుని వొలుచుకుంటామండి."

అందరూ నవ్వారు.

"అలా అనకూడదు. పని ఆపేసి, సూపర్‌వైజర్‌కి చెప్పి, కట్టు కట్టించుకుని, మానేదాకా వొలిచే లైను మీదకి రాము అనాలి."

"మానేదాకా రాకపోతే మా ఇంటికి బియ్యం మీరు పంపుతారాండి?"

"ఆడిటర్‌గారు అది అడగరమ్మా."

"ఆయ్, అయితే చెప్పేస్తానండి," అంది. మూడుసార్లు అప్పజెప్పింది. నాలుగోసారికి నా గొంతుతో, నా చేతులూపుడుతో సహా చెప్పి, "మార్కులెయ్యండి మరి," అంది. షెడ్డంతా పడీపడీ నవ్వింది. ఇంత బాగా చెప్పే మనిషి దొరికాక వదులుతానా. ఆ జవాబునే నియమంగా కాగితం మీద రాసి షెడ్డు గోడకి అంటించాను, ఆడిట్ రోజున ఆవిణ్ణి గుమ్మానికి ఎదురుగా మొదటి బల్ల దగ్గర నిలబెట్టించాను.

ఆడిటర్‌గారు వచ్చారు. తిన్నగా ఆవిడ దగ్గరే ఆగారు. అడిగారు. ఆవిడ తడుముకోకుండా చెప్పింది, పని ఆపి, సూపర్‌వైజర్‌కి చెప్పి, కట్టు కట్టించుకుని, మానేదాకా. ఆయన కాగితం మీద టిక్కు పెట్టుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ కుడిచేతి గ్లౌజులో చూపుడు వేలి దగ్గర రబ్బరు బిగిసిపోయి ఉంది. లోపల వేలు రెండింతలైంది. రొయ్య తల మీది ముల్లు గుచ్చుకుని నాలుగు రోజులైందని తర్వాత తెలిసింది. మానేదాకా రావద్దంటారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. ఆ భయం పెట్టింది నా పాఠమే.

నేను వెంటనే మేనేజరు గదిలోకి వెళ్ళాను. ఆ మనిషిని ఇప్పుడే ఏలూరు ఆస్పత్రికి పంపండి, ఆడిట్ ఆపుదాం అన్నాను. "ఎల్లుండి కంటైనరు కదలాలండి, ఇప్పుడాపితే ఎలాగండి?" అన్నాడాయన. బల్ల గుద్దాను. బల్ల మీది ఫైళ్ళు ఎగిరి సీలింగుకి అంటుకున్నాయి. నియమం గడగడా చదివాను. "చూద్దాంలెండి, మీరు కాస్త చల్లబడండి," అని మజ్జిగ తెప్పించాడు. నా ధర్మం నేను నెరవేర్చాను.

సర్టిఫికెట్ వచ్చింది. మూడు వారాల తర్వాత షెడ్డుకి వెళ్తే మొదటి బల్ల దగ్గర ఎవరో కొత్తమ్మాయి ఉంది. ఆవిడేదని పక్కనున్నామెని అడిగాను.

"వేలు తీసేశారండి ఏలూరులో. ఇక్కడేమో పనిలోంచి తీసేశారండి. గాయమున్నోళ్ళు లైను మీదకి రాకూడదని మీరు రాసిన కాగితమే చూపించారంటండి."

నేను అబద్ధాలకోరునే గాని, ఈ వేలిని పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. ఒక్కటే వేలు. అది లేకపోతే రొయ్య వొలవడం కుదరదు.

ఆవిడ మా ఆఫీసుకి వచ్చింది. మేడ మెట్లెక్కి, చెప్పులు బయట వదిలి, నిలబడే మాట్లాడింది.

"ఏవండీ, నేను జవాబేమైనా తప్పు చెప్పానాండి?"

"లేదమ్మా. బాగా చెప్పావు."

"మరెందుకు తీసేశారండి? మీరో మాట చెబితే వింటారండి. వొలవడం కాకపోతే క్రేట్లు కడిగే పనైనా ఇమ్మనండి."

నా నోరు దాని పని అది చేసింది. "అది కంపెనీ లోపలి విషయమమ్మా. బయటివాళ్ళతో నేను మాట్లాడకూడదు. మాకు రూలుంది."

"నేనూ బయటిదాన్నేనాండి?"

వెక్కిరింపు కాదది, నిజంగానే అడిగింది. "అయితే వస్తానండి," అని కట్టున్న చెయ్యి కొంగులో పెట్టుకుని దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా నేను ఎవరికీ ఏ మాటా చెప్పలేదు.

ఇందులో గోడలు తిరగడం, మాటలు గడ్డకట్టడం లాంటివి నా అలవాటు కొద్దీ పెంచినవి, పదితో భాగించుకోండి. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటి, మేనేజరు గది. నేనక్కడికి వెళ్ళలేదు. ఆయనకి అప్పటికి ఈ సంగతే తెలియదు, మజ్జిగ కూడా ఇవ్వలేదు. ఆ సమయానికి నేను క్యాంటీన్‌లో ఆడిటర్‌గారి పక్కన కూర్చుని భోంచేస్తున్నాను. "మీవాళ్ళకి ట్రైనింగు బాగా ఇచ్చారండి," అని ఆయన మెచ్చుకుంటే, వినయంగా తల వంచుకుని ఇంకో ముద్ద కలిపాను.